చెరగని సిరా చేసిన వైద్యుడు



ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవిత చరిత్ర రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి నాకంటే బాగా రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాను. ముప్పై ఐదేళ్ళకు పైగా సిరా నమ్ముకుని బతికినవాడిని. అందుచేత మనందరి చేతి వేళ్ళకూ అంటుకున్న బ్లూ బ్లాక్ సిరాను లోకానికి అలవాటు చేసిన ఒక పెద్దమనిషి గురించి రాయడమే నాకు తగిన పని అనిపించింది. ఆయన పేరు డాక్టర్ హెన్రీ స్టీఫెన్స్. ఇంగ్లండు దేశస్థుడు. ఆయన పేరు మీద ఉన్న సిరా నూరేళ్ళకు పైగా దేశదేశాల ఆఫీసుల్లో వాడుకలో ఉండేది.

హెన్రీ స్టీఫెన్స్ 1796లో లండన్ నగరంలో జన్మించాడు. ఆయన పసితనంలోనే కుటుంబం లండన్‌కు ఉత్తరాన ఉన్న హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాకు తరలిపోయి, చివరకు రెడ్‌బోర్న్ అనే ఊళ్ళో స్థిరపడింది. ఆ ఊరు పెద్ద రహదారి మీద ఉంది. గుర్రాల కోచిబండ్లు అక్కడ ఆగేవి. తండ్రి అక్కడ ఒక సత్రం నడిపేవాడు. ఆ రోజుల్లో వైద్యుడు కావాలంటే ముందు ఎవరో ఒక వైద్యుని దగ్గర శిష్యరికం చేయాలి. హెన్రీ కూడా దగ్గరి ఊళ్ళో ఒక వైద్యుని దగ్గర కొన్నేళ్ళు మందులు నూరి, కట్లు కట్టి, 1815లో పై చదువుకు లండన్ వెళ్ళాడు. గైస్, సెయింట్ థామస్ అనే రెండు ఆసుపత్రులు కలిసి నడిపే వైద్య పాఠశాలలో చేరాడు.

ఆసుపత్రి పక్కనే ఉన్న సెయింట్ థామస్ స్ట్రీట్‌లో ఆయన తోటి విద్యార్థులతో కలిసి అద్దె గదుల్లో ఉండేవాడు. ఆ గదుల్లో ఆయనతో పాటు ఉన్నవారిలో పొట్టిగా, కళ్ళలో మెరుపుతో ఒక యువకుడుండేవాడు. పేరు జాన్ కీట్స్. మన పిల్లలు కాలేజీల్లో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న కీట్స్ మహాకవి ఆయనే. అప్పటికి ఆయన కవి అని ఎవరికీ తెలియదు. అందరిలాగే వైద్య విద్యార్థి. కాని మనసంతా కవిత్వం మీదే. ప్రొఫెసరు పాఠం చెబుతుంటే పక్కవాడి నోటు పుస్తకం మీద చిలిపి పద్యాలు గిలికేవాడు. స్టీఫెన్స్ దగ్గర రసాయన శాస్త్రం ఉపన్యాసాల పుస్తకం ఒకటి ఉండేది. దాని అట్ట మీద కూడా కీట్స్ అలాగే రాశాడు. అట్ట చిరిగిపోయినా, కీట్స్ చేతిరాత ఉన్న చిన్న ముక్కను మాత్రం స్టీఫెన్స్ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా భద్రంగా దాచుకున్నాడు. రసాయన శాస్త్రం పుస్తకం స్టీఫెన్స్‌ది, దాని మీది పద్యం కీట్స్‌ది. ఇద్దరి జీవితాలూ ఎటు వెళ్ళబోతున్నాయో ఆ అట్ట ముందే చెప్పినట్టయింది.

స్టీఫెన్స్‌కూ కవిత్వం మీద ఆసక్తి ఉండేది. ఆయన కూడా పద్యాలు అల్లేవాడు. కీట్స్ ఒక సాయంత్రం కొత్త కావ్యానికి మొదటి పాదం అనుకుని స్టీఫెన్స్‌కు వినిపించాడట. బాగానే ఉంది కాని ఏదో లోటుందని స్టీఫెన్స్ అన్నాడట. కీట్స్ కొంతసేపు ఆలోచించి ఆ పాదాన్ని మార్చి చెప్పాడనీ, ఎండిమియన్ అనే కావ్యానికి ప్రసిద్ధమైన మొదటి పాదం అదేననీ ఒక కథ ఉంది. స్టీఫెన్స్ స్నేహితుడైన బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ అనే వైద్యుని ద్వారా ఈ కథ లోకానికి తెలిసింది.

కీట్స్ 1816 జూలైలో పరీక్ష ప్యాసయ్యాడు. అయినా వైద్యం వదిలి కవిత్వం పట్టాడు. స్టీఫెన్స్ 1817లో వైద్యుడుగా అర్హత సంపాదించి స్వగ్రామమైన రెడ్‌బోర్న్ వెళ్ళి ప్రాక్టీసు పెట్టాడు. 1818 జూన్‌లో కీట్స్ తమ్ముడు భార్యతో అమెరికా వెళ్తుంటే, వారిని సాగనంపడానికి కీట్స్ కూడా లివర్‌పూల్ కోచిబండి ఎక్కాడు. బండి రెడ్‌బోర్న్‌లో ఆగినప్పుడు స్టీఫెన్స్ వచ్చి వారితో కలిసి భోజనం చేశాడు. మూడేళ్ళు తిరగకుండానే, 1821 ఫిబ్రవరి 23న కీట్స్ రోమ్ నగరంలో క్షయవ్యాధితో మరణించాడు. వయసు ఇరవై ఐదేళ్ళు. తన సమాధి మీద పేరు చెక్కవద్దనీ, ఇక్కడ పడుకున్నవాడి పేరు నీళ్ళ మీద రాసిన రాత అని మాత్రం చెక్కమనీ ఆయన కోరుకున్నాడు. ఆ మిత్రుని గదిలో ఉన్న మనిషే తర్వాత నీళ్ళకు చెరగని సిరా తయారుచేయడం విధి విలాసం.

స్టీఫెన్స్ పదేళ్ళకు పైగా పల్లెటూరి వైద్యం చేసి, 1820ల చివర లండన్‌కు మకాం మార్చాడు. థేమ్స్ నదికి దక్షిణాన స్టామ్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఇల్లు. హెర్నియా గురించి, కలరా గురించి వైద్య గ్రంథాలు రాశాడు. 1832లో లండన్‌లో కలరా చెలరేగింది. సరిగ్గా అదే సంవత్సరం ఆయన సిరా ప్రయోగాలు వ్యాపారంగా రూపుదిద్దుకున్నాయి.

ఒక డాక్టరు సిరా జోలికి వెళ్ళడమేమిటని మనకు అనిపించవచ్చు. కాలం అటువంటిది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, రైళ్ళు, ఓడ కంపెనీలు పెరుగుతున్నాయి. వాటితో పాటు గుమాస్తాలూ పెరుగుతున్నారు. బర్మింగ్‌హామ్ కర్మాగారాల నుంచి ఉక్కు పాళీలు లక్షల్లో వస్తున్నాయి. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండులో జనన మరణాలు, వివాహాలు ప్రభుత్వ రిజిస్టర్లలో ఎక్కించడం మొదలైంది. 1840లో ఒక పెన్నీకే దేశమంతా ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది. రాయవలసింది కొండంత, సిరా మాత్రం తాతల నాటిది.

ఆ తాతల నాటి సిరా సంగతి కొంచెం చెప్పాలి. ఓక్ చెట్ల కొమ్మల మీద కందిరీగ జాతి పురుగు గుడ్లు పెట్టిన చోట కాయల్లాంటి బుడిపెలు వస్తాయి. అవే మన పచారీ కొట్లలో దొరికే మాచికాయలు. పసిపిల్లలకు అరగదీసి నాకించే ఆ కాయలే యూరప్‌లో సిరాకు ముడిసరుకు. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపితే క్రమంగా నల్లబడుతుంది. దానికి తుమ్మజిగురు చేరిస్తే సిరా. మన వాళ్ళు మాచికాయ బదులు కరక్కాయ వాడేవారు. సూత్రం ఒకటే. కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసి నలుపు పుట్టిస్తాయి. ఇనుప మూకుడులో ఉసిరికాయ వేస్తే నల్లబడటం మన ఇంటి ఆడవారికి తెలియనిది కాదు. అది కూడా ఈ సూత్రమే.

అయితే పాత పద్ధతిలో సిరాను బుడ్డిలోనే నల్లబడేదాకా నిలవ ఉంచేవారు. అలా నల్లబడిన పదార్థం నీళ్ళలో కరగదు. సన్నని మడ్డిలా తేలుతూ ఉంటుంది. అది అడుక్కు దిగకుండా ఉండటానికే తుమ్మజిగురు. అందువల్ల సిరా చిక్కబడేది, పాళీకి పట్టేది, బుడ్డి అడుగున మష్టు పేరుకునేది. పైగా ఆ నలుపు కాగితం పైపైన నిలుస్తుంది కాని లోపలికి పూర్తిగా దిగదు.

స్టీఫెన్స్ సిరాలో ఈ పద్ధతి తలకిందులైంది. సిరా బుడ్డిలో నల్లబడకూడదు, కాగితంలో నల్లబడాలి అన్నది దానిలోని కిటుకు. గాలికి మారిపోకముందే కషాయాన్ని పలచగా, తేటగా ఉంచితే అది నీళ్ళలా పాళీలోంచి జారి కాగితం పీచులోకి ఇంకిపోతుంది. అక్కడ గాలి తగిలి నల్లబడి, కరగని పదార్థంగా మారి పీచును పట్టుకుంటుంది. ఇక దాన్ని నీళ్ళు కడగలేవు. కాని ఒక చిక్కు ఉంది. తేటగా ఉన్న సిరాతో రాస్తే రాసేటప్పుడు అక్షరం కనపడదు. రాసేవాడు గుడ్డివాడైపోతాడు. అందుకని అందులో నీలిమందు కలిపారు. రాసినప్పుడు నీలంగా కనిపిస్తుంది, తర్వాత నల్లగా మారుతుంది. బ్లూ బ్లాక్ అనే పేరుకు అర్థం ఇదే. నీలిమందు సిరాలో వేయడం అంతకుముందూ కొందరు ప్రయత్నించారు. దాన్ని బజారులో నిలబడే సరుకుగా చేసి చూపించినవాడు మాత్రం స్టీఫెన్స్.

ఇక్కడ మన దేశం ప్రసక్తి కూడా ఉంది. ఆ కాలంలో ఇంగ్లండుకు వెళ్ళే నీలిమందులో ఎక్కువ భాగం భారతదేశానిదే. బెంగాల్, బీహార్ రైతులు నీలి సాగు కింద నలిగిపోయిన కథ మనకు తెలుసు. మన కడప, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల్లోనూ నీలి పండేది. లండన్ గుమాస్తా రాసిన నీలి అక్షరం వెనుక మన రైతు చెమట కూడా కొంత ఉందని మరచిపోరాదు. తర్వాతి కాలంలో నీలిమందు బదులు కృత్రిమ రంగులు వచ్చాయి.

1837లో స్టీఫెన్స్, ఎబెనెజర్ నాష్ అనే మరొకరితో కలిసి రంగు పదార్థాల తయారీకి పేటెంటు పొందాడు. ప్రష్యన్ బ్లూ అనే నీళ్ళలో కరగని రంగును ఆక్జాలిక్ ఆమ్లం సాయంతో కరిగే విధంగా చేయడం అందులో ఒకటి. కొయ్య సామాన్లకు పూసే రంగులు కూడా తయారుచేశాడు. మామూలు కొయ్య ఆ రంగు పూస్తే ఖరీదైన కలపలా కనిపించేది. క్రమంగా వైద్యం తగ్గి వ్యాపారం పెరిగింది. 1844లో లండన్‌కు ఉత్తరాన ఉన్న ఫించ్లీలో ఇల్లు తీసుకున్నాడు.

సంపాదన పెరిగినా పాత స్నేహితుణ్ణి స్టీఫెన్స్ మరవలేదు. కీట్స్ చనిపోయి పాతికేళ్ళయ్యాక రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అనే ఆయన కవి జీవిత చరిత్రకు సమాచారం కూడబెడుతున్నాడు. అప్పుడు 1847 మార్చిలో స్టీఫెన్స్, కీట్స్ మిత్రుడైన జార్జ్ ఫెల్టన్ మాథ్యూకు పెద్ద ఉత్తరం రాశాడు. విద్యార్థి కీట్స్ ఎలా ఉండేవాడు, ఎంత అభిమానధనుడు, కవిత్వమే లోకంలో గొప్పదని ఎలా నమ్మేవాడు అన్నీ అందులో రాశాడు. పొగడ్తలతో నింపలేదు, లోపాలు దాచలేదు. 1848లో వెలువడిన ఆ జీవిత చరిత్రకు ఈ సమాచారం ఉపయోగపడింది. ఈ రోజు కీట్స్ విద్యార్థి దశ గురించి మనకు తెలిసిన దానిలో చాలా భాగం ఆ ఉత్తరం చలవే. పేరు నీళ్ళ మీద రాత అనుకున్న కవిని కాగితం మీద నిలబెట్టినవారిలో సిరా వ్యాపారి ఒకడు.

స్టీఫెన్స్ 1864 సెప్టెంబరు 15న లండన్‌లోని ఫారింగ్డన్ రైల్వే స్టేషన్‌లో హఠాత్తుగా కన్నుమూశాడు. వయసు అరవై ఎనిమిదేళ్ళు. ఆ స్టేషను ప్రపంచంలోనే మొట్టమొదటి భూగర్భ రైలు మార్గంలోది. ఆ మార్గం అంతకు ముందటి సంవత్సరమే ప్రారంభమైంది. పల్లెటూరి కోచిబండ్ల సత్రంలో పెరిగిన పిల్లవాడు భూగర్భ రైలు కాలం వరకు నడిచి వచ్చాడన్నమాట.

తండ్రి తర్వాత వ్యాపారాన్ని కుమారుడు హెన్రీ చార్లెస్ స్టీఫెన్స్ ఎన్నో రెట్లు పెంచాడు. ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా. జనం ఆయన్ని సరదాగా ఇంకీ స్టీఫెన్స్ అని పిలిచేవారు. ఇంగ్లండు రైల్వే స్టేషన్లలో స్టీఫెన్స్ సిరా పేరుతో నిలువెత్తు ఎనామిల్ థర్మామీటర్లు వేలాడేవి. 1918లో చనిపోతూ ఆయన ఫించ్లీలోని తన అవెన్యూ హౌస్ భవనాన్ని, తోటను ఊరి ప్రజలకు రాసి ఇచ్చాడు. తండ్రీ కొడుకుల సిరా చరిత్రను తెలిపే మ్యూజియం అక్కడే ఏర్పడింది.

మిత్రులారా, ఇదంతా ఎక్కడో ఇంగ్లండు కథ, మనకెందుకని అనుకోవద్దు. మేము ఉద్యోగాల్లో చేరేనాటికి బాల్ పెన్నులు వచ్చాయి. అయినా సర్వీసు రిజిస్టర్లలో, క్యాష్ బుక్కుల్లో సిరా కలంతోనే రాయాలని పాత హెడ్ క్లర్కులు పట్టుబట్టేవారు. అది చాదస్తం అనుకునేవాళ్ళం. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత కోస్తాలో ఒక కార్యాలయానికి నన్ను సహాయానికి పంపారు. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అవసరం లేదు. నీళ్ళలో నానిన రిజిస్టర్లను ఎండలో విడదీసి ఆరబెట్టాం. కొన్ని పేజీల్లో అక్షరాలు నీలి మరకలుగా కలిసిపోయాయి. కొన్ని పేజీల్లో కాగితం ముడతలు పడింది గాని, అక్షరం నల్లగా నిలిచే ఉంది. అందులో చనిపోయిన ఒక అటెండరు సర్వీసు రిజిస్టరు ఉంది. ఆయన ఉద్యోగంలో చేరిన తేదీ చెరగలేదు. నామినేషన్‌లో భార్య పేరు చెరగలేదు. ఆ రెండు పంక్తులే ఆమె ఫ్యామిలీ పెన్షన్‌కు ఆధారమయ్యాయి. రాసిన గుమాస్తా ఎవరో ఆమెకు తెలియదు. ఆ రెండు పంక్తులూ ఏ బుడ్డిలోంచి వచ్చాయో ఆ గుమాస్తాకూ జ్ఞాపకం ఉండదు. కాని ఆ సిరా తన పని తాను చేసింది.

ఇప్పుడు బ్లూ బ్లాక్ అని బజారులో దొరికే సిరాలన్నింటిలోనూ ఇనుము ఉండదు. చాలావాటిలో ఉత్త రంగే ఉంటుంది. పార్కర్ క్వింక్ బ్లూ బ్లాక్ రంగు సిరా. పెలికాన్ 4001 బ్లూ బ్లాక్, డయమైన్ రిజిస్ట్రార్స్ వంటివి ఇనుము ఉన్న సిరాలు. మనవళ్ళు ఎవరైనా సిరా కలం కొంటే ఇంట్లోనే పరీక్ష చేసి చూపించవచ్చు. మంచి కాగితం మీద ఉదయం ఒక పంక్తి రాసి పక్కన పెట్టండి. మర్నాడు అదే సిరాతో దాని కింద మరో పంక్తి రాయండి. ఇనుము ఉన్న సిరా అయితే పాత పంక్తి నల్లబడి, కొత్త పంక్తి నీలంగా, తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రెండు రోజులు ఆగి పాత పంక్తి మీద నీటి బొట్టు వేసి కాసేపు ఉంచి అద్దుడు కాగితంతో తీయండి. నీలి రంగు కొంత కారిపోవచ్చు, నల్లని అక్షరం మిగులుతుంది. ఉత్త రంగు సిరా అయితే చాలా వాటిలో రాత వెలిసిపోతుంది, లేదా మాసిపోతుంది.

ఇటువంటి సిరా వాడేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఇందులో కొంచెం ఆమ్లం ఉంటుంది. ఉక్కు పాళీని తింటుంది. బంగారు పాళీకి ఆ భయం లేదు. కలాన్ని నెలల తరబడి సిరాతో వదిలేయకుండా రెండు మూడు వారాలకొకసారి మామూలు నీళ్ళతో కడగాలి. ఒక కంపెనీ సిరాలో మరొక కంపెనీ సిరా కలపరాదు. బుడ్డి మూత బిగించి ఉంచాలి. అడుగున మడ్డి పేరుకున్న పాత సిరా కలంలో పోయరాదు.

ఇప్పుడు మన లైఫ్ సర్టిఫికెట్లు కూడా వేలిముద్రతో కంప్యూటరు తీసుకుంటోంది. మంచిదే. ముసలితనంలో ట్రెజరీ మెట్లు ఎక్కే బాధ తప్పింది. కాని మన పెన్షన్‌కు పునాది, ఎప్పుడో ఎవరో ఒక గుమాస్తా శ్రద్ధగా రాసిన సర్వీసు రిజిస్టరే. కీట్స్ పద్యాలు లోకం చదువుతుంది. స్టీఫెన్స్ సిరాతో రాసిన కోట్ల పంక్తులు ఎవరూ చదవరు, అవసరం వచ్చిన రోజున తప్ప. ఆ అవసరం వచ్చిన రోజున అవి చెరగకుండా ఉండాలి. ఆయన జీవితమంతా చేసిన పని అదే. మనం సర్వీసులో చేసిన పనీ అదే. పేరు ఎక్కడా ఉండకపోయినా, రాసిన రాత నిలిస్తే మన ఉద్యోగం సార్థకమైనట్టే.

సభ్యుల ఇళ్ళలో పాత సిరా కలాలు, దస్తావేజులు ఉంటే భద్రపరచి పిల్లలకు చూపించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.